ప్రదర్శనశాలలకు వాట్లు చూసి ఎల్‌ఈడీలు కొనొద్దు

సంపాదకుల వారికి,

మన జిల్లాలో గ్రంథాలయాల్లో, స్మారక మందిరాల్లో, కాలేజీ మ్యూజియంలలో, చిత్రప్రదర్శన హాళ్లలో పాత ట్యూబులైట్లు, హాలోజెన్లు తీసేసి ఎల్‌ఈడీలు బిగిస్తున్నారు. మంచిదే. కరెంటు బిల్లు తగ్గుతుంది, వస్తువు మీద పడే వేడి తగ్గుతుంది, అతినీలలోహిత కిరణాల బెడద దాదాపు పోతుంది. చిక్కల్లా ఎస్టిమేటు రాసే తీరులో ఉంది. ‘20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు, స్టార్ గుర్తువి, ఇన్ని’ అని ఒక్క ముక్క రాసి టెండరు పిలుస్తారు. ఆఫీసు వరండాకు అది సరిపోతుంది గానీ తాటాకు గ్రంథాలు, వెంకటగిరి చీరలు, తోలుబొమ్మలు పెట్టే గదికి సరిపోదు.

స్టార్లు చెప్పేది ఒక్కో వాటుకు ఎన్ని ల్యూమెన్ల వెలుగు వస్తుందన్నదే. రంగు ఎంత నిజంగా కనబడుతుందో వాటికి పట్టదు. పైగా రంగుల్ని సరిగ్గా చూపించే ఎల్‌ఈడీ అదే కరెంటుకు కాస్త తక్కువ వెలుగిస్తుంది. కాబట్టి స్టార్లే కొలబద్ద అయితే మనకు పనికొచ్చే లైటే ముందుగా పోటీలోంచి తప్పుకుంటుంది.

అడగాల్సింది సీఆర్‌ఐ, అంటే ఆ లైటు కింద రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే అంకె. పెట్టె మీద 80 అని ఉంటే ఇంటికి చాలు, ప్రదర్శనకు 90కి తగ్గకూడదు. అయితే సీఆర్‌ఐ అనేది 8 లేత రంగుల సగటు మాత్రమే, ముదురు ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు. దాన్ని ఆర్9 పేరుతో విడిగా కొలుస్తారు. మామూలు 80 సీఆర్‌ఐ బల్బుల్లో ఆర్9 సున్నా దగ్గర్లోనే ఉంటుంది. అలాంటి లైటు కింద చీర పెట్టి చూడండి: మెరూన్ అంచు గోధుమరంగుకు తిరుగుతుంది, జరీ తెల్లబోతుంది, నేతగాడు ఏ ఎరుపు ఎంచుకున్నాడో తెలియకుండా పోతుంది. అందుకే టెండరులో ‘ఆర్9 కనీసం 50’ అని విడిగా రాయాలి. కంపెనీ డేటాషీటులో ఆ అంకె లేకపోతే ఆ లైటును పక్కన పెట్టేయవచ్చు. లైటుకూ లైటుకూ తెలుపులో తేడా రాకుండా ‘3 ఎస్‌డీసీఎం లోపు’ అన్న మాట కూడా చేర్చాలి (ఎస్‌డీసీఎం ఆ తేడాకు కొలమానం). లేకపోతే ఒకే గోడ మీద ఒక లైటు గులాబీగా, మరొకటి ఆకుపచ్చగా కొడతాయి.

తెలుపు ఛాయను కెల్విన్లలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ నీలం వైపు పోతుంది. మన బజార్లో ఎక్కువగా అమ్మేది 6500 కెల్విన్ ‘కూల్ డేలైట్’. తక్కువ వెలుగులో అది శవాగారపు కాంతిలా ఉంటుంది, నీలం పాలు కూడా అందులో ఎక్కువ. ప్రదర్శనకు 3000 కెల్విన్ తీసుకోవడం మేలు.

ఇక వెలుగు ఎంత ఉండాలి? వస్తువు మీద పడే వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. కాగితం, బట్ట, తాటాకు, రంగు ఫొటోలు, రంగులద్దిన తోలు అయితే 50 లక్స్ మించకూడదు. తైలవర్ణ చిత్రాలు, కొయ్య పని అయితే 150 నుంచి 200. రాయి, లోహం, పింగాణీకి వెలుతురుతో భయం లేదు. లక్స్ మీటరును టేబుల్ మీద పెట్టి కాకుండా, వస్తువు ఉపరితలం దగ్గరే, దానికి సమాంతరంగా, ముఖం బయటికి ఉండేలా పట్టి కొలవాలి. 1500 క్యాండెలాల (ఒక దిక్కుకు లైటు కొట్టే తీవ్రతకు కొలత) స్పాట్ లైటు 3 మీటర్ల దూరం నుంచి నేరుగా పడితే 1500ను దూరం వర్గంతో, అంటే 9తో భాగించాలి, 167 లక్స్ వస్తుంది. అంటే తాటాకుకు కావలసిన దానికి మూడు రెట్ల పైమాటే. వాట్లు తగ్గించాలి, లేదా వెడల్పు కోణం లెన్సు వేయాలి, లేదా డిమ్ చేయాలి.

అతినీలలోహితం లేదు కదా అని ఎల్‌ఈడీని రాత్రీపగలూ వెలిగించి ఉంచడం ఇంకో పొరపాటు. కంటికి కనబడే వెలుగూ రంగును తింటుంది, తిన్నదంతా లెక్కలో చేరుతూ పోతుంది. 50 లక్స్‌లో రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు పెడితే 1,20,000 లక్స్ గంటలు. పసుపుతో అద్దిన బట్ట లాంటి మరీ సున్నితమైన వాటికి అంతర్జాతీయ ప్రకాశ సంఘం 2004లో సూచించిన హద్దు ఏడాదికి 15,000. అంటే 300 గంటలు, లెక్కకు 37 రోజులు. ఆ తర్వాత అసలును లోపల భద్రపరిచి నకలు పెట్టాలి. 1921లో గాంధీజీ ప్రారంభించిన పల్లిపాడు ఆశ్రమం వంటి చోట్ల గోడలకు తగిలించే ఫొటోలు, ఉత్తరాల విషయంలోనూ ఇదే పద్ధతి మంచిది. ఫ్లాష్ కొట్టవద్దని బోర్డు రాసి, దాని పక్కనే పడమటి కిటికీ బార్లా తెరిచి ఉంచేవాళ్లున్నారు. ఫ్లాష్ చేసే హాని ఆ ఎండ ముందు ఏపాటిది? లైట్లు కొనేముందు కిటికీలకు మందపాటి తెరలు కొనండి.

శాసనాలకు లెక్క వేరు. వాటికి వెలుగు ఎక్కువైనా నష్టం లేదు, పడే దిక్కే ముఖ్యం. ఎదురుగా ఫ్లడ్ లైటు కొడితే అక్షరాల గుంటల్లో నీడ పడదు, రాయి నున్నగా కనబడుతుంది, చదవబోయినవాడికి ఒక్క అక్షరం చిక్కదు. ఇరుకు కోణం స్పాటును ఒక పక్కన పెట్టి, వెలుగు రాతి ముఖాన్ని రాసుకుంటూ 10, 15 డిగ్రీల వాలులో పోయేలా తిప్పితే అరిగిన తలకట్లు, గుడులు కూడా పైకి తేలతాయి. చందవరం వంటి బౌద్ధ స్థలాల సున్నపురాతి పలకల మీది బొమ్మలకూ ఇదే ఉపాయం. రాగిరేకులకు రెండు పక్కల నుంచి వేయకండి, ఒకదాని నీడను మరొకటి చెరిపేస్తుంది.

గోడకు తగిలించిన చిత్రానికైతే వెలుగు నిట్టనిలువు నుంచి 30 డిగ్రీల వాలులో పడాలి. సీలింగు 3 మీటర్లు, బొమ్మ మధ్యభాగం ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉంటే లైట్లు బిగించే ట్రాక్ గోడకు 87 సెంటీమీటర్ల దూరంలో రావాలి. దగ్గరికి జరిగితే ఫ్రేము నీడ బొమ్మ మీద పడుతుంది, దూరమైతే చూసేవాళ్ల నీడ పడి అద్దంలో లైటు మెరుస్తుంది. మన వైపు హాళ్లలో చీమకుర్తి గ్రానైటు నేల వేసి పాలిష్ పెట్టడం రివాజు. ఆ నల్లటి నేలలో ప్రతి స్పాటూ తిరిగి కనబడి కళ్లలో కొడుతుంది కాబట్టి బల్బు లోతుగా ఉండి, ముందు తేనెపట్టు జాలీ ఉన్నవే తీసుకోవాలి.

తోలుబొమ్మను వెనక నుంచి వెలుగిచ్చి చూపించడమే అందం. కాకపోతే వెనక ప్యానెల్ రోజంతా వెలిగితే రంగులు వెలిసి తోలు బిగుసుకుంటుంది. బొమ్మకూ ప్యానెల్‌కూ జానెడు ఎడం ఉంచి, నొక్కితే ఒక్క నిమిషం వెలిగి ఆరిపోయే బటన్ పెడితే సరి. అద్దాల బీరువాల్లో ఎల్‌ఈడీకి వేడి లేదనుకుని ఎల్‌ఈడీ పట్టీలు అతికిస్తారు. వెలుగులో వేడి లేకపోయినా పట్టీ వీపు కాలుతుంది. మూసిన బీరువా పగలు వేడెక్కి రాత్రి చల్లబడుతుంటే లోపలి తేమ పెరుగుతూ తరుగుతూ తాటాకులు వంకర్లు పోతాయి. పట్టీని అల్యూమినియం చానెల్‌లో బిగించి, డ్రైవరును (ఎల్‌ఈడీకి తగినట్టు కరెంటు మార్చి ఇచ్చే పెట్టెను) బీరువా బయట పెట్టాలి.

పెట్టె మీద రాసే 50,000 గంటలు సాధారణంగా చిప్ ఆయువు. డ్రైవరులోని కెపాసిటర్ మే నెల ఎండలకు గాలాడని ఫాల్స్ సీలింగులో అంతకు చాలా ముందే పోతుంది. డ్రైవర్లు చేతికి అందేచోట ఉండాలి, మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ ఉండాలి. పాత డిమ్మర్లకే ఎల్‌ఈడీ తగిలిస్తే తక్కువ వెలుగులో మిణుకుతుంది. ఆర్డరు పెట్టకముందే ఒక నమూనా తెప్పించి, అసలు డిమ్మర్‌తోనే పదో వంతుకు తగ్గించి, ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీయండి. చారలు కదిలితే వద్దనండి.

బిల్లు పాస్ చేసేముందు ప్రతి వస్తువు దగ్గరా లక్స్ కొలిచి రిజిస్టరులో రాయించాలి. పదింట ఒక వంతు విడి లైట్లు అదే బ్యాచ్‌వి అప్పుడే తీసుకోవాలి, తర్వాత తెప్పిస్తే రంగు కలవకపోవచ్చు.

– ఒక లైటింగ్ ఇంజినీరు, దర్గామిట్ట, నెల్లూరు