చిటికెనవేలు

ఇర్వింగ్, టెక్సస్
శుక్రవారం మధ్యాహ్నం

ఒరేయ్ బక్కోడా,

తిట్టుకో, పడతాను. దసరాకి రాస్తానన్నవాణ్ని, దీపావళి కూడా వెళ్లిపోయింది. అందరం బాగున్నాం, మా ఆవిడ నడుంనొప్పి తగ్గింది, కారు కొన్నాను (పాతదే, నవ్వకు). బడి బయట పికప్ లైన్‌లో కూర్చుని రాస్తున్నా. ముందు నలభై కార్లున్నాయి.

అసలు సంగతేంటంటే, మా బుడ్డోడు బడిలో మూడు నెలలుగా ఒక్క మాట మాట్లాడలేదట్రా!

మీ నాన్నగారికే పేకాటలో సలహాలిచ్చిన వెధవ, వాడు! ఆగస్టులో బడి తెరిచినప్పటి నుంచీ తల ఊపడమే తప్ప నోరు విప్పలేదని కౌన్సెలర్ ఫోన్ చేసింది. కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు కొన్నాళ్లు ఊరికే వింటూ ఉండిపోవడం మామూలేనట. వీడు మాత్రం క్లాసులో ఉన్న తెలుగు పిల్లాడితో కూడా మాట్లాడడట, మంచినీళ్లు కూడా తాగడట. నీళ్లెందుకు మానేశాడో నాకు అప్పుడు తట్టలేదు.

నా నిర్వాకం కూడా విను. జులైలో దిగగానే ఇంట్లో తెలుగు బంద్ పెట్టాను. తెలుగు మాటకి ఇక్కడి పావలా, అంటే 25 సెంట్లు జరిమానా. వాడు ఇంట్లోనూ నెమ్మదించాడు. పోన్లే, అలవాటు పడుతున్నాడు అనుకున్నాను, తెలివైనవాణ్ని కదా.

బడికి వెళ్లాం. మా ఆవిడ ఇంగ్లీషంటే జంకుతుందని దుబాసీని అడిగాను. తల్లిదండ్రులకి అర్థమయ్యే భాషలో చెప్పడం బడి బాధ్యతేనట ఇక్కడ, పైసా తీసుకోరు. స్పీకర్‌ఫోన్‌లో ఎవరో తెలుగాయన వచ్చాడు. వాళ్ల పద్ధతి ఏంటంటే, అవతలివాళ్లు అన్నది అన్నట్టే "నేను" అంటూ చెప్పాలి. కౌన్సెలర్‌ది కోకిల గొంతు. ఆవిడ ఒక ముక్క అనగానే ఈయన ఆకాశవాణిలా, "నేను ఈ పాఠశాల కౌన్సెలర్‌ను. నాకు ఇద్దరు ఆడపిల్లలు" అన్నాడు.

మూల కూర్చుని బొమ్మలేసుకుంటున్న మావాడు తలెత్తాడు. "నాన్నా, ఈవిడకి జలుబు చేసిందా?"

ఆ మహానుభావుడు దాన్ని కూడా ఇంగ్లీషులోకి మార్చి చెప్పేశాడు! కౌన్సెలర్ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఆ బడిలో వాడి మొదటి మాట అదేరా.

ఇక ఆగలేదు. నాతో కాదు, మా ఆవిడతో కాదు, ఆ ఫోన్‌తో చెప్పాడు. మొదటి వారంలో క్లాసులో చిటికెనవేలు చూపించాడట. టీచరమ్మ నవ్వుతూ తనూ చిటికెనవేలు ఊపిందట! మూడుసార్లు చూపించాడు, మూడుసార్లూ ఊపింది. నాలుగోసారికి... ఇంకేముంది. నర్సు వేరే ప్యాంటు ఇచ్చి పంపింది, నీళ్లు ఒలికాయేమో అనుకుంది మా ఆవిడ. ఆ రోజు నుంచి వాడు నీళ్లు మానేశాడు.

నీ చిటికెనవేలు గుర్తొచ్చిందిరా. లెక్కల క్లాసులో నువ్వది ఎత్తితే నేరేడు చెట్టు ఖాళీ అయ్యేది. ఆ వేలికి ఇక్కడ అర్థమే లేదని వాడికి చెప్పి పంపాలని నాకెందుకు తోచలేదు? బయటికొచ్చి కారులో ఏడ్చాను. మా ఆవిడ చూడనట్టే కూర్చుంది.

ఇంకోటి. సెప్టెంబరులో నా ప్రాజెక్టు ఊగిసలాడినప్పుడు "60 రోజులు" అని మేమిద్దరం గుసగుసలాడుకున్నది విన్నాడట. హెచ్-1 వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండనిచ్చే గడువు అది. తను ఏదైనా తప్పు చేస్తే ఆ లెక్క మొదలవుతుందనుకున్నాడు. ఎనిమిదేళ్ల వాడు, వాడి బుర్రలో ఇవన్నీ... సరే, అది ఫోన్‌లో చెప్తాను.

ఇప్పుడు వాడి డెస్కు మీద ఎర్ర కార్డు ఉంది. తిప్పి పెడితే చాలు, బాత్రూంకి వెళ్లొచ్చు. వారానికోసారి కౌన్సెలర్ దగ్గర ఆటలు. ఇంట్లో తెలుగు మానొద్దని నాకు మెత్తగా వాత పెట్టింది. జరిమానా డబ్బా వాడికే ఇచ్చేశాను, నాలుగు డాలర్ల 75 సెంట్లు. ముప్పాతిక వంతు మా ఆవిడ కట్టినవే.

వసంతకాలంలో టెల్పాస్ అని ఇంగ్లీషు పరీక్ష ఉందట, హెడ్‌ఫోన్ పెట్టుకుని కంప్యూటర్‌కి మాట్లాడాలి. ఇప్పట్నుంచే టెన్షన్, వాడికి కాదు, నాకు.

అదుగో వస్తున్నాడు, ఎవడికో చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. ఏ భాషో వినపడట్లేదు. వెనకవాడు హారన్ కొడుతున్నాడురా, ఉంటా