చర్చిల్ ఊరివారికి, విన్నిపెగ్ తెలుగు మిత్రులకు కృతజ్ఞతలు

కెనడాలోని హడ్సన్ అఖాతం ఒడ్డున, వెయ్యి మంది కూడా లేని చర్చిల్ అనే చిన్న ఊళ్లో నేను నర్సుగా పనిచేస్తున్నాను. నవంబరు మొదటి వారంలో, డ్యూటీ ముగించుకొని ఇంటికి నడిచి వస్తుండగా నాకు ధ్రువపు ఎలుగుబంటి ఎదురైందని విని, కంగారుగా ఫోన్లు చేసిన బంధుమిత్రులందరికీ ముందుగా నమస్కారాలు. నాకు ఏ గాయమూ కాలేదు. నన్ను కాపాడిన ఊరివారికి ఇంగ్లీషులో విడిగా ధన్యవాదాలు చెప్పుకున్నాను. వారు చేసిన మేలు ఎలాంటిదో మనవాళ్లకూ తెలియాలని ఇది రాస్తున్నాను.

మొదటి కృతజ్ఞత మా వీధి చివర ఉండే పెద్దాయనకు, ఆయన పాత ట్రక్కుకు. ఈ ఊళ్లో వాహనాలకు తాళం వేయకపోవడం ఆనవాయితీ. ఎలుగుబంటి కనిపించిన మనిషి ఏ వాహనంలోనైనా, ఎవరి అనుమతీ అడగకుండా దూరి తలుపు వేసుకోవచ్చు. రెండిళ్ల అవతల నుంచి ఆ జంతువు నావైపు తిరిగినప్పుడు, పరుగులో దాన్ని మించే మనిషి లేడు కనుక, నేను పక్కనే ఉన్న ట్రక్కు తలుపు లాగాను, అది తెరుచుకుంది. లోపల సీటు నిండా కుక్క వెంట్రుకలు, కాళ్ల దగ్గర ఒక పార. ఎలుగుబంటి నింపాదిగా వచ్చి కిటికీ దగ్గర వాసన చూసింది. దాని ఊపిరి తగిలిన మేర అద్దం మీద ఆవిరి పట్టి, చూస్తుండగానే గడ్డకట్టింది.

రెండవ కృతజ్ఞత ఫోన్ చేసిన కాసేపటికే వచ్చిన వన్యప్రాణి సంరక్షణ అధికారులకు. వారు తుపాకీతో కాక, ట్రక్కు దీపాలతో, సైరనుతో, గాలిలో పేలే బాణసంచా తూటాలతో దాన్ని ఇళ్ల మధ్య నుంచి మళ్లించి ఊరి బయటి వరకు తరిమారు. వేసవిలో అఖాతం మంచు కరగగానే ఒడ్డుకు చేరే ఈ జంతువులు, మళ్లీ మంచు గట్టిపడి సీల్ అనే సముద్ర జంతువుల వేటకు వెళ్లే వరకు నెలల తరబడి దాదాపు ఉపవాసంతోనే ఉంటాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో అవి మంచు కోసం ఈ తీరంలో గుమిగూడుతాయి గనుక, అధికారులకు రాత్రనక పగలనక గస్తీ తప్పదు.

మాటిమాటికీ ఊళ్లోకి వచ్చే వాటిని సీల్ మాంసం ఎరవేసిన గొట్టపు బోనుల్లో పట్టి, ఒకప్పటి సైనిక షెడ్డులో కట్టిన 28 గదుల నిర్బంధ కేంద్రంలో ఉంచుతారు. జనం దాన్ని ఎలుగుబంట్ల జైలు అంటారు. అక్కడ నీళ్లే తప్ప ఆహారం పెట్టరని చెబితే, గుంటూరు నుంచి మా అత్తగారు, “అయ్యో, నోరులేని జీవానికి ఇంత అన్నమైనా పడేయరా?” అని బాధపడ్డారు. మనిషి దగ్గర తిండి దొరుకుతుందని ఒకసారి తెలిస్తే అది మళ్లీ మళ్లీ వస్తుంది, చివరికి కాల్చక తప్పని స్థితి వస్తుంది. కనుక అక్కడ పెట్టకపోవడమే దయ. ఊరి బహిరంగ చెత్తకుప్పను 2005లో మూసివేసిందీ ఇందుకే. జైలులోని వాటిని తరువాత హెలికాప్టరుకు వలలో వేలాడదీసి ఊరికి దూరంగా వదులుతారు. అత్తగారు ఈ సమాధానంతో పూర్తిగా సమాధానపడలేదని కూడా చెప్పాలి.

అక్టోబరు 31న, హాలోవీన్ రాత్రి, పిల్లలు ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడుక్కునేందుకు వీలుగా ఊరి చుట్టూ వాహనాలతో కాపలా కాసిన పోలీసులకు, అగ్నిమాపక సిబ్బందికి, స్వచ్ఛంద సేవకులకు మరొక నమస్కారం. తెల్లని దయ్యం వేషం వేయవద్దని ఇక్కడ పిల్లలకు చెబుతారు. చీకట్లో దాన్ని ఎలుగుబంటి అనుకునే ప్రమాదం ఉంది మరి. మావాడు దళసరి కోటు మీద పులి వేషం వేసుకొని, నిశ్చింతగా తిరిగి వచ్చాడు.

దక్షిణాన ఉన్న విన్నిపెగ్ నగరంలోని తెలుగు కుటుంబాల వారికి ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. ఈ ఊరికి రోడ్డు లేదు, విమానమో, రెండు రాత్రుల రైలు ప్రయాణమో దిక్కు. అయినా మేము అడగకముందే వారు చలికోట్లు, బూట్లు, వాటితోపాటు కందిపొడి, గోంగూర పచ్చడి రైలులో పంపించారు. పచ్చడిలో ఒక సీసా ట్రక్కు పెద్దాయనకు చేరింది. కళ్లనీళ్లు పెట్టుకుంటూనే ఆయన రెండోసారి వడ్డించుకున్నారు, ఇంకో సీసా ఎప్పుడు వస్తుందని కూడా అడిగారు.