మన్రో సరస్సు ఒడ్డున కోట

సంపాదకులకు,

ఫ్లోరిడా యాత్రపై మీ కథనంలో శాన్‌ఫర్డ్ పట్టణం గురించి రాసి, అక్కడి పాత సైనిక కోట ఫోర్ట్ మెలన్‌ను వదిలేయడం బాధనిపించింది. 1837 ఫిబ్రవరి 8న తెల్లవారుజామున ఫ్లోరిడా ఆదివాసులైన సెమినోల్ యోధులు మన్రో సరస్సు ఒడ్డున ఉన్న అమెరికా సైనిక శిబిరంపై విరుచుకుపడ్డారు. సరస్సులోని ఆవిరి పడవ మీద నుంచి సైనికులు ఫిరంగి పేల్చారు. ఆ పోరులో చనిపోయిన కెప్టెన్ చార్లెస్ మెలన్ పేరే అక్కడి కోటకు పెట్టారు. సెయింట్ జాన్స్ నదిలో పడవలు తెచ్చిన సరుకును ఇక్కడ దించి, బండ్లమీద లోపలి కోటలకు, నేటి ఓర్లాండోలోని ఫోర్ట్ గాట్లిన్ దాకా చేరవేసేవారు. సెమినోల్‌లను సొంత నేల నుంచి వెళ్లగొట్టడానికే ఆ ఏర్పాటంతా! ఆనాడు దాడి నడిపిన సెమినోల్ నాయకుడు కింగ్ ఫిలిప్, ఆయన కొడుకు కోవకూచీల గురించి కూడా దయచేసి రాయండి.

— ఒక పాఠకుడు, ఓర్లాండో