ఆదివారం మాత్ర మానొద్దు

పర్లాకిమిడి

అమ్మలూ,

నొప్పుల బిళ్లతో హాయిగా ఉంటోంది, నీ రుమటాయిడ్ కీళ్లవాతానికి ఆదివారం వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్ర మానేస్తానన్నావు. అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. ఫోన్లో అయితే మధ్యలోనే "సర్లే అమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

నీ కీళ్లలో రెండు పనులు జరుగుతున్నాయి. నొప్పినీ వాపునీ పెంచే ప్రోస్టాగ్లాండిన్లను కాక్స్-2 అనే ఎంజైము తయారుచేస్తుంది. నొప్పుల బిళ్ల అడ్డుకునేది దాన్నే. రెండో పని చప్పుడు లేకుండా సాగుతుంది. మన రోగనిరోధక కణాలే కీలు లోపలి పొర మీద పడి టీఎన్ఎఫ్ లాంటి రసాయనాలు వదులుతాయి. దాంతో ఆ పొర దళసరెక్కి ఎంఎంపీలనే ఎంజైములను వదులుతుంది. నులకమంచానికి నులక ఎలాగో, కీలులో ఎముకల చివర ఉండే మృదులాస్థికి కొలాజెన్ పోగులు అలాగ. వాటిని ఎంఎంపీ-1, ఎంఎంపీ-13 తెంపేస్తాయి. పక్కనున్న ఎముకను కెథెప్సిన్-కె అనే మరో ఎంజైము కొరుక్కుతింటుంది. వీటికి కళ్లెం వేసే ప్రోటీన్లు ఒంట్లో ఉన్నాయిగాని ఈ జబ్బులో అవి చాలవు. నొప్పుల బిళ్ల ఈ తెంపుడిని ఆపలేదు తల్లీ. తెగిన మృదులాస్థి మళ్లీ మునుపటిలా అల్లుకోదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు చూశాను. పొద్దున్నే ఆవకాయ సీసా మూత రాక, చున్నీ చుట్టి రెండు చేతులా తిప్పావు. ఎండెక్కేదాకా నీ పిడికిలి ముడుచుకోలేదు. ఆ తెంపుడిని అదుపులో పెట్టి నీ వేళ్లను కాపాడేది ఆదివారం మాత్రే. దాని గుణం కనబడడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది, అంతవరకూ ఓపిక పట్టు. వారానికి ఒక్కసారే సుమా, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఫోలిక్ యాసిడ్, రక్తపరీక్షలు డాక్టరు చెప్పినట్టే కానివ్వు.

నువ్వు పొగ తాగవు. చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని మీ అత్తగారు తాగే అడ్డపొగ సంగతే నా బెంగ. పొగ ఊపిరితిత్తుల్లో పీఏడీ అనే ఎంజైములను రేపుతుంది. అవి ప్రోటీన్లలో ఉండే అమైనో ఆమ్లం ఆర్జినిన్‌ను సిట్రులిన్‌గా మారుస్తాయి. అలా మారిన ప్రోటీన్ల మీద లేచే యాంటీబాడీలే ఈ జబ్బు కోసం చేసిన నీ యాంటీ-సీసీపీ రక్తపరీక్షలో బయటపడ్డవి. చుట్ట ఆవిడకీ మంచిది కాదు, నీకూ కాదు.

పిల్లల మాట ఎత్తుతున్నారన్నావు. ఈ మందు వాడుతూ కడుపుతో ఉండకూడదు, బిడ్డకి ప్రమాదం. ముందే చెబితే విశాఖ డాక్టరు మందు మారుస్తారు. ఇంట్లో ఈ విషయం చెప్పడానికి నీకు మొహమాటమైతే, నేనే రాయగడ వచ్చి మీ అత్తగారితో మాట్లాడతాను.

మీ అమ్మ