భారత రెడ్‌క్రాస్ సొసైటీ చైర్మన్ గారికి శ్రీకాకుళం నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. జిల్లా శాఖ లెక్కలు, ఎన్నికల గురించి అడగవలసిన చోట అడిగాం, జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను.

1920 నాటి చట్టంతో ఏర్పడిన సంస్థ ఇది. రాష్ట్రపతి అధ్యక్షులు, మీరు చైర్మన్. జాతీయ పాలకమండలిలో మిమ్మల్నీ మరో ఆరుగురినీ రాష్ట్రపతి నామినేట్ చేస్తారు; మిగతా 12 మందిని రాష్ట్ర, కేంద్రపాలిత ప్రాంతాల శాఖలు ఎన్నుకుంటాయి. జిల్లాకొచ్చేసరికి కలెక్టరే అధ్యక్షులు. తుపాను రాత్రి ఇది మేలే, ఒక్క ఫోన్‌తో లారీ కదులుతుంది. కానీ కలెక్టర్లకు బదిలీలుంటాయి. కొత్తగా వచ్చినవారికి ధాన్యం కొనుగోళ్లు, పింఛన్లు, కోర్టు కేసులు అయ్యాక గానీ ఈ ఫైలు చేతికి రాదు. ఆ లోపు సభ్యుడు ఎవరిని అడగాలి?

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు పలాస, వజ్రపుకొత్తూరు వైపు జీడి, కొబ్బరి తోటలు వేళ్లతో సహా పడిపోయాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీద ఉన్నవారికి రక్తం తగ్గిపోతుంటుంది. రక్తనిధిలో యూనిట్ దొరికేదాకా ఇంటిల్లిపాదికీ టెన్షనే. నాకు తెలిసిన మత్స్యకారుడొకరు తన సభ్యత్వ రసీదును రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవరులో దాచుకున్నారు. శాఖ ఎన్నికల్లో ఓటు ఎప్పుడు, ఎక్కడ అని అడుగుతారు.

స్వతంత్రత రెడ్‌క్రాస్ ఏడు మూలసూత్రాల్లో ఒకటి. ప్రభుత్వ పెద్దలే పదవుల్లో ఉన్నప్పుడు లెక్కలు మరింత బాహాటంగా ఉండాలి కదా.

ప్రతి జిల్లా శాఖా ఆడిట్ లెక్కలు, సర్వసభ్య సమావేశం తేదీ, ఎన్నికల వివరాలు ఏటా తెలుగులో నోటీసు బోర్డు మీద పెట్టేలా ఆదేశాలివ్వండి. రక్తనిధిలో నిల్వ ఎంతుందో రోజూ గేటు దగ్గర రాయించండి. రాతపూర్వక జవాబు కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక జీవిత సభ్యుడు, శ్రీకాకుళం జిల్లా