మూడంతస్తుల కాంప్లెక్స్ లోడ్ లెక్క

అన్నలూ, నిన్న గ్రూప్‌లో ఒక మూడంతస్తుల బిల్డింగ్‌కి కరెంటు లోడ్ ఎంత, మెయిన్ బ్రేకర్ ఎంతది పెట్టాలి అని అడిగారు కదా, దానికి లెక్క కట్టాను, చూడండి.

ఏసీలు 20, ఒక్కోటి 1.8 కిలోవాట్లు, మొత్తం 36. లిఫ్ట్ 7.5, నీళ్ల మోటార్ 3.7, లైట్లు ఫ్యాన్లు 8, ప్లగ్ పాయింట్లు 12. అన్నీ కూడితే 67.2. ఫైర్ పంప్ కలపలేదు, దానికి లైన్ వేరేగా లాగాలి.

ఇవన్నీ ఒకేసారి నడవవు. అందుకే ఒకేసారి నడిచే లోడ్ కింద ప్లగ్గులకి 40 శాతం, లైట్లు ఫ్యాన్లకి 90, ఏసీలకి 80 వేశాను. లిఫ్ట్, మోటార్ మాత్రం పూర్తిగా. 52 కిలోవాట్లు తేలింది. పవర్ ఫ్యాక్టర్ (లైన్ మోసే పవర్‌లో నిజంగా పనికొచ్చే వంతు) 0.9 అనుకుంటే దాదాపు 58 కేవీఏ (లైన్ మోయాల్సిన మొత్తం పవర్), 415 వోల్టుల మూడు ఫేజుల సప్లై మీద ఫేజుకి 80 ఆంప్స్. 20 శాతం అదనం పెట్టి మెయిన్‌కి 100 ఆంప్స్ బ్రేకర్ (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) చాలు.

ఏసీలకి 50 శాతం చాలదా అని ఎవరో అన్నారు. వద్దు తమ్ముడూ! పోయినేడు నేనూ ఒకచోట అలాగే వేశా. మే నెల, మధ్యాహ్నం రెండింటికి మెయిన్ బ్రేకర్ పడిపోయింది. మూత తీస్తే కేబుల్ చివర బిగించే లగ్గులు నల్లగా మాడి ఉన్నాయి. ఎండాకాలం ఏ ఏసీ ఆగుతుంది చెప్పండి?

ఏసీలని ఫేజులకి 7, 7, 6గా పంచండి. పంచకపోతే ఈ 80 ఆంప్స్ లెక్కకి అర్థమే లేదు. క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టిస్తే ఆంప్స్ చూపేది) పెట్టి మూడు ఫేజులూ చూసి ఫోటో ఇక్కడ పెట్టండి.