అరంగుళం సంగతి

చిరంజీవి బాబుకి,

అమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరం కులాసా. నాన్న మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి, నోరూ ఎప్పటిలాగే ఉంది. పెరట్లో పనస ఈసారి విరగకాసింది. ఇవన్నీ ఫోనులో చెబుదామంటే మూడు వారాలుగా నువ్వు ఎత్తడం లేదు. కోడలేమో "మీటింగులో ఉన్నారత్తయ్యా" అంటోంది. ఆదివారాలు కూడా మీటింగులుంటాయి కాబోలు. సరే, నేను రాస్తున్నది దాని గురించి కాదు.

మొన్న చిన్నత్త వాళ్ల బుజ్జిగాడు హైదరాబాదు నుంచి వచ్చాడు. నీ ఇల్లు చూడ్డానికి వెళ్లాడట. స్లాబుకి సెంట్రింగ్ కొట్టి ఉంది, ఇనుము కట్టి ఉంది, పనివాడు మాత్రం ఒక్కడూ లేడన్నాడు. పోత ఐదంగుళాలు కాదు, నాలుగున్నరకి దించారని పక్క సైటువాళ్లు చెప్పుకుంటున్నారట. వాడి మాటకేం, చిన్నప్పుడు చెరువులో మొసలి ఉందని ఊరందరినీ గట్టు మీదికి పరిగెత్తించినవాడు. నేను నమ్మలేదు. ఊరికే కాగితం తీసుకుని లెక్క కట్టి చూశానంతే.

30 అడుగులు, 40 అడుగులు, అంటే 1200 చదరపు అడుగులు. ఐదంగుళాల మందానికి 500 ఘనపుటడుగులు. మీరు మీటర్లలో చెప్పుకుంటారుగా, 35.3తో భాగించు, 14 ఘనపు మీటర్ల పైన వస్తుంది. ఇనుముతో కలిపి మీటరుకి రెండున్నర టన్నులు వేసుకుంటే 35 టన్నులు మీ నెత్తిన. సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్లలో కలిపితే మీటరుకి ఎనిమిది బస్తాల సిమెంటు చొప్పున 113 బస్తాలు. బీములు వేరే. ఇందులో అరంగుళం తగ్గిస్తే మిగిలేది పదకొండు బస్తాలు, దానికి తగ్గ ఇసుకా కంకరా. గృహప్రవేశానికి వంటవాడికిచ్చే డబ్బులు కూడా రావు కదరా! బరువు మూడున్నర టన్నులు తగ్గుతుందంటావేమో. మందం తగ్గితే బరువొక్కటే తగ్గదు, మోసే సత్తువా తగ్గుతుంది, స్లాబు నడుం వంగుతుంది. ఇంజినీరు ఐదని గీస్తే ఐదే. తగ్గించాలంటే ఆయన మళ్లీ లెక్క కట్టి గీసివ్వాలి గానీ మేస్త్రీ మాట మీద కాదు. నీకు చెప్పేంతదాన్నా, నువ్వు చదువుకున్నవాడివి. అయినా చెబుతున్నాను.

1996 తుఫాను తర్వాతి ఏడు కోనసీమలో నాన్న పోసిన స్లాబు నీకు గుర్తుండదు, అప్పటికి నీకు నాలుగేళ్లు. ముప్పై ఇరవై స్లాబు, ఐదంగుళాలు, 57 బస్తాలని నాన్న నోటి లెక్క. ఖాళీ సంచులు దులిపి మడతపెట్టి లెక్కబెట్టడం నా పని. నువ్వు ఆ సంచుల కుప్ప మీదే నిద్రపోయావు, లేపితే ఒళ్లంతా బూడిదరంగు. పొద్దు వాలేసరికి స్లాబు మూడింట రెండొంతులు అయింది. అప్పటికి సంచులు 38 ఉండాలి కదా, రెండుసార్లు లెక్కపెట్టినా 45 వచ్చాయి. ఎవడో బస్తాలు గోడవతల పడేశాడనుకున్నాను, ఆ కూలీల ముఖాలన్నీ అనుమానంగా చూశాను, పాపం. నాన్నకి చెబితే ఆయన మాత్రం కూలీలకేసి చూడనే లేదు. మాలు కలిపే మిల్లరు ఆపించి, అందరినీ దింపేసి, లాంతరు పట్టుకుని సెంట్రింగ్ కిందకి దూరాడు. కాలవ పక్క నేల, సరుగుడు కర్రలు జానెడు పలకల మీద నిలబెట్టారు. తడి నేలలోకి అవి దిగిపోతున్నాయి. పైన చూస్తే చదునుగానే ఉంది, పోసిన మాలంతా మధ్య గుంటలోకి పోతోంది. ఆ ఏడు బస్తాలూ అక్కడే ఉన్నాయి. నాన్న కింద ఉన్నంతసేపూ నేను నీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, నువ్వు ఏడ్చావు కూడా. దుంగలు అడ్డంగా వేసి కర్రలు బిగించేసరికి రాత్రి పదయింది. ఆ మధ్య భాగం పనికిరాదని నాన్నే ఒప్పుకుని, మర్నాడు కొట్టించి మళ్లీ పోశాడు. ఆ నెల మన ఇంట్లో కూర లేదు.

లెక్కకీ సరుక్కీ తేడా వస్తే పైన చూసి లాభం లేదని అప్పటి నుంచీ నాకు ఒక జబ్బు. నువ్వు ఫోను ఎత్తకపోతే అదే తిరగబెడుతోంది.

రెడీమిక్స్ తెప్పిస్తే లెక్క మీద నూటికి నాలుగైదు వంతులు ఎక్కువ చెప్పు, సగంలో చాలకపోతే అతుకు పడుతుంది. నీళ్లు కనీసం పది రోజులు నిలబెట్టు. పద్నాలుగు రోజులు కాకుండా స్లాబు కింద నిలబెట్టిన జాకీలు ముట్టుకోనివ్వకు. ఎండలో నెత్తికి ఏదైనా కట్టుకో, నీకసలే తలనొప్పి.

నా నాలుగు గాజులూ బ్యాంకులో ఊరికే పడున్నాయి. ఈ వయసులో వేసుకుని ఎక్కడికి వెళ్లాలి? నాన్నకి తెలుసు, ఆయనే రాయమన్నారు. ఆయన రాయమన్నారని చెప్పొద్దన్నారు.

బుజ్జిగాడితో సున్నుండలు, కందిపొడి పంపుతున్నాను. డబ్బా వెనక్కి పంపించు, అది పిన్నిది. ఎన్ని బస్తాలు దిగాయో ఒక్క ముక్క చెప్పు చాలు, ఇంకేమీ అడగను.

అమ్మ